చెల్లే సిక్కా, చెల్లని సిక్కా: నిజాంపట్నం రేవు నుంచి ఫోన్ వాలెట్ దాకా

పోయిన నెల తెనాలిలో రేపల్లె బండెక్కి ఖాలా ఇంటికి వెళ్లాను. సలాం దువా అయ్యాక ఖాలా చాయ్ గ్లాసు చేతికిచ్చి, పక్కన కూర్చుని, గొంతు తగ్గించి అడిగింది: "బేటా, వీడు ఏదో సిక్కా కొంటానంటున్నాడు. చేత్తో పట్టుకునేది కాదంట. అది చెల్లుతుందా?"

వీడంటే ఆమె చిన్నకొడుకు. బాపట్లలో ఒక సెల్‌ఫోన్ షాపులో పని. ఖాలాకు మెహర్ కింద వచ్చిన కంగన్ల జత అమ్మించి, ఆ పైకమంతా ఒక చిన్న క్రిప్టో కాయిన్‌లో పెట్టాలని వాడి ఆలోచన. ఆ కాయిన్ పేరు నేనెప్పుడూ వినలేదు. పుట్టి నాలుగు నెలలట. వాట్సాప్ గ్రూపులో ఎవరో భాయ్ చెప్పాడట: సూద్ లేదు, పూర్తిగా హలాల్, ఆరు నెలల్లో ఐదింతలు. ఫోన్‌లో గీత చూపించాడు. పైకే పోతోంది.

నాకు యాప్‌ల సంగతి తక్కువే తెలుసు. తారీఖ్ కొంచెం తెలుసు. కొడుకు ఎంత పెరుగుతుందని చూస్తున్నాడు, తల్లి చెల్లుతుందా అని అడుగుతోంది. అసలు సవాల్ తల్లిదే. ఖాలా ఇంటి నుంచి ఆటోలో వెళ్లగలిగినంత దూరంలోనే ఆ సవాల్‌ను రోజూ అడిగిన ఊరు ఒకటుంది.

నిజాంపట్నం. ఇవాళ మనకది చేపల రేవు. పదిహేడో శతాబ్దపు యూరోపియన్ కాగితాల్లో దాని పేరు పెటపోలి. 1606లో డచ్చివాళ్లు అక్కడ కోఠీ పెట్టారు. 1611 ఆగస్టులో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ వచ్చింది. వాళ్లు వచ్చింది మన బట్టల కోసం, ముఖ్యంగా చిరివేరుతో అద్దిన ఎర్రరంగు బట్టల కోసం. అప్పుడు ఈ నేలంతా గోల్కొండ కుతుబ్ షాహీల ఏలుబడి. బట్టకు మారుగా పెద్ద బేరాల్లో చేతులు మారింది బంగారు హున్, మన తెలుగులో వరహా. ఇంట్లో ఎవరికైనా కలిసొస్తే పెద్దవాళ్లు "హున్ బరస్ రహా హై" అంటారు కదా, ఆ హున్ ఇదే.

హున్‌లన్నీ ఒకటి కాదు. గోల్కొండ రాజ్యంలో పాత హున్, కొత్త హున్ అని రెండు రకాలు నడిచేవి. పాతవి పూర్వపు హిందూ రాజుల కాలంలో పోసినవి. వాటిని మళ్లీ పోసేవాళ్లు లేరు. బంగారం పెద్దగా ఎక్కువేమీ లేకపోయినా పాత హున్‌కు కొత్తదాని కంటే ఎక్కువ ధర పలికింది. ఆ కాలపు యూరోపియన్ వర్తకులకు ఇది వింతగా తోచి రాసిపెట్టుకున్నారు. కారణం వెతికితే వింతేమీ లేదు. ఉన్నవి కొన్నే, పెరిగే దారి లేదు, పైగా శిస్తు హిసాబుల్లో వాటికి గిరాకీ ఉంది. 2009లో మొదలైన బిట్‌కాయిన్‌కు పెట్టిన హద్దు 2 కోట్ల 10 లక్షల నాణేలు. దాన్ని బంగారంతో పోలుస్తారు అందరూ. నాకైతే పాత హున్‌తో పోల్చడమే సబబనిపిస్తుంది. తక్కువగా దొరకడం ఒక్కటే చాలదు, తీసుకునే కిటికీ ఒకటి తెరిచి ఉండాలి. తక్కువగా దొరికే గులకరాళ్లు సూర్యలంక ఒడ్డున నేనూ ఏరగలను.

ఆ కిటికీ దగ్గర కూర్చున్న మనిషి సర్రాఫ్. తెలుగులో షరాబు అయ్యాడు, కొందరికి ఇంటిపేరూ అయ్యాడు. నాణేన్ని గీటురాయి మీద గీసి, తూచి, చూసి, ఇంత బట్టా తీసి మిగతాది ఇస్తానని చెప్పేవాడు. బట్టా అంటే కోత. ఏ టంకసాలలో పుట్టిన సిక్కా ఆ చుట్టుపక్కల నిండుగా చెల్లేది. నాలుగు ఊళ్లు దాటితే బట్టా పడేది. ఎవరూ ఎరగని సిక్కా అయితే షరాబు దాన్ని లోహం కిందే కొనేవాడు. సిక్కా మీద ఎంత అచ్చేశారన్నది ఒక సంగతి, షరాబు చేతికి ఎంత ఇస్తాడన్నది ఇంకో సంగతి. ఫోన్‌లో గీత చూపించేది మొదటిదాన్నే. కొనేవాళ్లు పదిమంది కూడా లేని కాయిన్‌ను ఒక్కసారి అమ్మబోతే ఆ గీత అక్కడే కూలిపోతుంది.

హలాల్ అన్న మాటకు జవాబ్ ఇంకా పాతది. 1323లో ఓరుగల్లును గెలిచిన ఉలుఘ్ ఖాన్ తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ తఖ్త్ ఎక్కాడు. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది, తెలుగు నేల కొన్నేళ్లు ఢిల్లీ సల్తనత్‌లో భాగమైంది. 1329-30లో ఆయన ఇత్తడి, రాగి టంకాలు పోయించి, వెండి టంకా విలువకే చెల్లాలని హుకుమ్ జారీ చేశాడు. వాటి మీద చెక్కించిన మాట వినండి: సుల్తాన్‌కు లోబడినవాడు రహ్మాన్‌కు లోబడినట్టే. అల్లా పేరు సాక్షిగా చెలామణి చేయించాలని చూశాడు. అచ్చు తేలిక, రాగి చవక. ఇంటింటా టంకసాల వెలిసిందని ఆ కాలపు చరిత్రకారుడు బరనీ రాశాడు. మూడేళ్లు తిరగక ముందే ఆ టంకాలను ఎవరూ ముట్టుకోలేదు.

ముహర్ మీద పవిత్రమైన మాట ఉంటే లోపలి లోహం మారదు. ఇది ఏడు వందల ఏళ్ల కిందటి ముచ్చట అనుకుంటామా? "హలాల్ పెట్టుబడి" అని మన వాళ్ల దగ్గర డబ్బు కూడగట్టిన హీరా గ్రూపు అధినేత్రి 2018 అక్టోబరులో అరెస్టయ్యారు. 2019 జూన్‌లో బెంగళూరు ఐఎంఏ యజమాని దేశం విడిచి పోయి, జులైలో ఢిల్లీలో పట్టుబడ్డాడు. ఆ రెండు చోట్లా వేల ముస్లిం కుటుంబాలు, అందులో బేవాలు, రిటైరైనవాళ్లు, నగలు అమ్మి కట్టినవాళ్లు. వాళ్లు అత్యాశకు పోయారని తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. చాలామంది వచ్చింది బ్యాంకు వడ్డీకి భయపడి, దీన్ కాపాడుకుందామని. ఆ భయాన్నే ఎవరో సరుకు చేసుకున్నారు.

తుగ్లక్‌ను పిచ్చోడని నవ్వుకోవడం మనకు బడిలోనే అలవాటైంది. అయితే ఆయన చేసిన ఒక పని చెప్పాలి. తప్పు తెలిశాక, రాగి టంకాలు తెచ్చినవాళ్లకు ఖజానా నుంచి బంగారం, వెండి ఇప్పించాడు. దొంగ టంకాలకు కూడా. తుగ్లకాబాద్‌లో ఆ రాగి గుట్టలుగా పడి ఉండేదని బరనీయే చెప్పాడు. ఖజానాకు భారీ నుక్సాన్. కానీ ఆ సిక్కా చచ్చిపోయినప్పుడు దాన్ని తిరిగి తీసుకునేవాడు ఒకడున్నాడు.

సిక్కాలన్నీ ఏదో ఒకరోజు చస్తాయి. ఎలా చస్తాయన్నదే చూడాలి. అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో హిజ్రీ 1068 నాటి రాగి ఫలూస్ ఒకటుంది. దాని మీద "ఖతమ్ బిల్ ఖైర్ వస్సఆదత్" అని ఉంటుంది, మంచిగా, శుభంగా ముగిసింది అని. ఎంత అరుదైన మాట, సిక్కా మీద! మన వరహా అలాగే ముగిసింది. 1788లో గుంటూరు సర్కార్ నిజాం నుంచి కంపెనీ చేతికి పోయింది. 1818లో మద్రాసు కంపెనీ ప్రభుత్వం వరహాను పక్కనపెట్టి వెండి రూపాయిని ప్రమాణం చేసినప్పుడు ఒక వరహాకు మూడున్నర రూపాయలని లెక్క కట్టింది. హైదరాబాద్ హాలీ సిక్కా కూడా అంతే. ఏడు హాలీలకు ఆరు కల్దార్ రూపాయలని మారకం కట్టి, కొన్నేళ్లు రెండూ పక్కపక్కన నడిపించి, 1959లో పూర్తిగా రద్దు చేశారు. వంద కల్దార్లకు 116 హాలీలకు పైచిలుకు వచ్చేవి, కట్నాల్లో నూటపదహార్లు అక్కడినుంచే వచ్చాయని ఒక మాట వాడుకలో ఉంది.

చిన్న క్రిప్టో కాయిన్‌కు ఇలాంటి ఖజానా లేదు. అది పోయిన రోజు మారకం కట్టేవాడు లేడు. 2022 మే నెలలో లూనా అనే కాయిన్, చిన్నదేమీ కాదు, ప్రపంచంలో పేరున్నదే, వారం రోజుల్లో ఎనభై డాలర్ల నుంచి పైసల లోపుకు పడిపోయింది. అలాగని చిన్నవన్నీ చచ్చాయనీ కాదు. 2011లో పుట్టిన నేమ్‌కాయిన్ ఇంకా బతికే ఉంది. ఇంటర్నెట్ పేర్లు నమోదు చేసుకోవడమనే చిన్న పని ఒకటి దానికుంది. బిట్‌కాయిన్‌కు పహరా కాసే కంప్యూటర్లే అదే శ్రమతో దానికీ పహరా కాస్తాయి. పెద్ద కోట గోడకు ఆనించి కట్టుకున్న గుడిసె లాంటిది. ఎవరినీ ధనవంతుల్ని చేయలేదు, బతికింది. అదే బిట్‌కాయిన్ పేరు తగిలించుకున్న బిట్‌కాయిన్ గోల్డ్‌కు సొంత పహరా పల్చన. 2018లో ఎవరో సగానికి మించిన కంప్యూటర్ బలం సంపాదించి, ఒకే నాణేన్ని రెండుసార్లు ఖర్చుపెట్టి కోట్లు కొట్టేశారు. కాబట్టి చిన్న కాయిన్‌ను చూపించే భాయ్‌ని అడగాల్సినవి రెండే: దీనితో జరిగే పని ఏమిటి? దీనికి పహరా ఎవరు?

ఇక దాచుకోవడం. మన ఊళ్లలో పునాదులు తవ్వేటప్పుడు లంకెబిందెల మాట రాకుండా ఉండదు. ఎవరో యుద్ధానికి భయపడో, దొంగలకు భయపడో పాతిపెట్టి, చోటు ఎవరికీ చెప్పకుండా కన్నుమూశారు. దొరికితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచి చట్టమే ఉంది. క్రిప్టో వాలెట్ అచ్చం లంకెబిందె. పన్నెండో, ఇరవైనాలుగో మాటల వరసే దాని గుర్తు. ఆ మాటలు తెలిసినవాడే మాలిక్. పోతే కలెక్టరు కాదు, ఎవరూ తవ్వి ఇవ్వలేరు. బ్రిటన్‌లోని వేల్స్‌లో న్యూపోర్ట్ అనే ఊళ్లో ఒకాయన హార్డ్ డిస్కు 2013లో చెత్తలో కలిసిపోయింది. అందులో ఎనిమిది వేల దాకా బిట్‌కాయిన్లు. చెత్తగుట్ట తవ్వనివ్వమని పన్నెండేళ్లు పోరాడాడు, 2025లో కోర్టు కుదరదంది.

అందుకే ఖాలా కొడుక్కి చెప్పాను: ఆ మాటల్ని ఫోటో తీయకు, వాట్సాప్‌లో పెట్టకు. కాగితం మీద రాసి రెండు వేరు వేరు చోట్ల దాచు. కస్టమర్ కేర్ అని ఫోన్ చేసి ఆ మాటలు అడిగినవాడు దొంగే, ఇందులో షక్ అక్కర్లేదు. ఇంకోటి, వసియత్ రాసేటప్పుడు కాగితం ఎక్కడుందో రాయాలి. మీరాస్ లెక్కల్లో పొలం, బంగారం, మనకు రావాల్సిన బాకీలు అన్నీ వస్తాయి. ఫోన్‌లో ఉన్నది వారిసులకు తెలియకపోతే అది ఎవరి వాటాకూ రాదు.

అంత తంటా ఎందుకని చాలామంది ఎక్స్‌ఛేంజ్‌లోనే వదిలేస్తారు. అప్పుడు బిందె మనది కాదు, షరాబు దగ్గర పెట్టిన అమానత్. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు పెద్ద ఎక్స్‌ఛేంజ్ నుంచి దాదాపు రెండు వేల కోట్ల రూపాయల విలువైన కాయిన్లు దొంగలు ఎత్తుకుపోయారు. ఒక్క తాళం కాదు, పలువురు సంతకం పెడితేగానీ తెరుచుకోని వాలెట్ అది. ఏడాదికి పైగా లావాదేవీలు ఆగిపోయాయి. దొంగలు ముట్టుకోని కాయిన్లు దాచుకున్నవాళ్లూ ఆ నష్టంలో వాటా మోయాలా అన్న తగాదా మద్రాసు హైకోర్టు దాకా వెళ్లింది. క్రిప్టో కూడా ఆస్తే, ఒకరి తరఫున ఇంకొకరు నమ్మకంగా అట్టిపెట్టదగిన ఆస్తే అని 2025 అక్టోబరులో ఆ కోర్టు అంది. ఫిఖ్‌హ్ చదివినవాళ్లకు ఇందులో అమానత్ వాసన తగులుతుంది.

మన సర్కార్ సంగతి రెండు ముక్కల్లో. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను దూరంగా ఉండమంది, 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను. ఒక కాయిన్‌లో వచ్చిన నుక్సాన్‌ను ఇంకో కాయిన్ లాభంలో తీసేసుకునే వీల్లేదు. పన్ను కడుతున్నాం కదా, సర్కార్ జామీను ఉందనుకోవద్దు. కల్లు మీద కూడా పన్ను వసూలు చేసిన దేశమిది.

ఇదంతా విని ఖాలా కొడుకు, "అన్నీ పాత కథలే చెప్తావు భాయ్" అన్నాడు. సరే, షరాబు పని మనమే చేద్దామన్నాను. నీ సొంత జీతంలోంచి వెయ్యి రూపాయలు పెట్టి ఇప్పుడే కొను, కొని ఇప్పుడే అమ్మి, బ్యాంకు ఖాతాలో వేయించు. కొనడానికి రెండు నిమిషాలు పట్టింది. అమ్మబోతే తెర మీద ఒక నోటీసు వచ్చింది. తొంభై రోజుల దాకా తీయడానికి లేదు, ముందే కావాలంటే ఇరవై శాతం ఫీజు ముందుగా కట్టాలి. వాడు చదివి ఊరుకున్నాడు. ఖాలా తెలుగులో చెప్పమంది. చెప్పాడు.

"ఇంకా చేతికి రాకుండానే బట్టానా?" అంది ఖాలా.

ఆ వెయ్యి ఇంకా లోపలే ఉంది. తొంభై రోజులయ్యాక చూద్దామంటున్నాడు వాడు. కంగన్లు బీరువాలో ఉన్నాయి, తాళంచెవి ఖాలా కొంగుకు ముడేసి ఉంది.