నడిమధ్య నిలబడ్డ ప్రశ్న

విజువల్ నావెల్ ఆడేవాళ్ళకి ఈ దృశ్యం బాగా అలవాటు. వెనకాల ఒక బొమ్మ: బడి వరండానో, రైల్వే స్టేషనో. దాని ముందు ఒక మనిషి. కింద పెట్టెలో మాటలు. క్లిక్ చేస్తూ చదువుకుంటూ పోతాం. ఉన్నట్టుండి కథ ఆగిపోయి తెర మధ్యలో రెండు మూడు బటన్లు వచ్చి నిలబడతాయి. "నిజం చెప్పు", "మాట మార్చు". ఏదో ఒకటి నొక్కితే గానీ కథ కదలదు.

ఆ బటన్లు మధ్యలోనే ఎందుకున్నాయి? నాలాంటి ప్రోగ్రామర్ని అడిగితే "అది డిఫాల్టు" అనేస్తాడు. కానీ డిఫాల్టుకీ ఒక చరిత్ర ఉంటుంది. గత నలభై ఏళ్ళలో ఎంపికల మెనూ తెర మీద ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుగుతూ వచ్చింది. అది జరిగినప్పుడల్లా ఆటగాడికి కథతో ఉన్న చుట్టరికం కూడా మారింది.

మొదట్లో మెనూయే లేదు. యూజీ హోరీ తయారుచేసిన 'పోర్టోపియా వరుస హత్యల కేసు'ని ఎనిక్స్ 1983లో హోమ్ కంప్యూటర్ల కోసం విడుదల చేసింది. ఏం చెయ్యాలో మనమే కీబోర్డు మీద టైప్ చెయ్యాలి. ఆ మాట ప్రోగ్రాముకి తెలిస్తే సరి, లేకపోతే ఇంకో మాట వెతుక్కోవాలి. ఇలాంటి ఆటల్లో హంతకుణ్ణి పట్టుకోవడం కన్నా రచయిత మనసులో ఉన్న క్రియాపదాన్ని పట్టుకోవడమే పెద్ద పరిశోధన. మరుసటి ఏడాది హోరీ హొక్కైదో నేపథ్యంగా చేసిన ఇంకో డిటెక్టివ్ ఆటలో ఆదేశాల జాబితాని తెర మీదే పెట్టేశాడు. 1985లో చున్‌సాఫ్ట్ సంస్థ పోర్టోపియాని నింటెండో ఫామికామ్‌కి తెచ్చినప్పుడు ఇక వేరే దారే లేదు. ఆ యంత్రం ముందు కూచున్నవాడి చేతిలో ఉండేది కీబోర్డు కాదు, ఒక దిక్కుల మీటా కొన్ని బటన్లూ.

ఫామికామ్ తెర 256 పిక్సెళ్ళ వెడల్పు, 240 పిక్సెళ్ళ ఎత్తు. అందులో ఎడమవైపు పైన బొమ్మ, అడుగున మాటలు, కుడి పక్కన ఆదేశాలు. వెళ్ళు, అడుగు, పిలువు, తియ్యి... అన్నీ విధి క్రియలే. కథలో మనం పై అధికారి, పనులు చేసి పెట్టేది యాసు అనే సహాయకుడు. అంటే మనం బొమ్మలోకి దిగం, పక్కన కూచుని పనులు పురమాయిస్తాం. ఆజ్ఞలకి పక్కచోటు చక్కగా కుదిరింది.

అదే చున్‌సాఫ్ట్ 1992లో సూపర్ ఫామికామ్ మీద 'ఒతోగిరిసో' తెచ్చి, దాన్ని 'సౌండ్ నావెల్' అంది. ఇందులో పక్క మెనూ లేదు, కింద పెట్టె లేదు. బొమ్మ మీద తెర నిండా వాక్యాలే, పుస్తకం పేజీలాగా. ఎంపిక వచ్చినప్పుడు ఆ పేరా చివరే, అదే అక్షరాల్లో, కొన్ని వరసలుగా కనిపిస్తుంది. కన్ను ఎక్కడికీ ఎగరక్కర్లేదు. చదువుతున్న వాక్యం నుంచి జారుకుంటూ ఎంపికలోకి వెళ్ళిపోతాం. అక్కడ మనం ఎవరికీ పని చెప్పడం లేదు. పాత్ర మనసులో తిరుగుతున్న రెండు ఆలోచనల్లో ఒకదాని వైపు మొగ్గుతున్నాం.

1994లో వచ్చిన 'కమైతాచి నో యోరు' ఇంకో అడుగు వేసింది. మంచులో చిక్కుకుపోయిన విడిదిలో హత్య జరుగుతుంది. ఎంపికలన్నీ పేరాల చివరే వస్తాయి. కానీ అసలు ఘట్టంలో, హంతకుడెవరో చెప్పాల్సిన చోట, పేరు మనమే అక్షరం అక్షరం కూర్చి ఇవ్వాలి. ఎందుకో ఊహించడం కష్టం కాదు. అక్కడ మెనూ పెడితే అదే సగం జవాబు చెప్పేస్తుంది. పదేళ్ళ కింద చిరాకు పెట్టిన టైపింగు, ఇక్కడ మనం నిజంగా ఆలోచించామా లేదా అన్నదానికి పరీక్ష అయింది.

'విజువల్ నావెల్' అన్న పేరు స్థిరపడింది 1996లో లీఫ్ సంస్థ 'షిజుకు'తో మొదలుపెట్టిన వరస వల్ల. అదీ, 2000లో వచ్చిన 'త్సుకిహిమే' కూడా, పేజీ పద్ధతివే. మరి పేజీ పోయి పెట్టె ఎందుకు రాజ్యమేలింది? నాకు తోచే కారణం, మొహాలు. కథల్లో ప్రేమలు పెరిగేకొద్దీ పాత్రల బొమ్మలు పెద్దవయ్యాయి. అందమైన మొహం మీద పేరాలు పరిస్తే ఎలా? మాటలు కింద మూడు వరసల పెట్టెలోకి సర్దుకున్నాయి. ఆ మూడు వరసల్లో ప్రశ్నా, నాలుగు ఎంపికలూ కలిపి పట్టవు కాబట్టి ఎంపికలు పైకి లేచి మధ్యలో నిలబడ్డాయి. తమాషా ఏమిటంటే, మొహం దాచకూడదని మొదలైన ఏర్పాటు కీలకమైన క్షణంలో ఆ మొహాన్నే కప్పేస్తుంది.

2004లో టామ్ రోథామెల్ విడుదల చేసిన రెన్‌పై ఈ ఏర్పాటుని ప్రపంచమంతా మోసుకెళ్ళింది. ఉచితం, పైథాన్ ఆధారం, 'మెనూ' అని ఒక్క మాట రాసి కింద ఎంపికలు పేరిస్తే చాలు. 1280 × 720 తెరకి ఇప్పటి రెన్‌పైలో కొత్త ప్రాజెక్టు తెరిచి చూడండి. ఎంపికల వరస అడ్డంగా సరిగ్గా మధ్యలో ఉంటుంది. నిలువుగా మాత్రం దాని నడుము పైనుంచి 270వ పిక్సెల్ దగ్గరుంటుంది. తెర మధ్య 360 కదా, ఈ 270 ఏమిటి? కింది పెట్టె ఎత్తు 185. అది తీసేస్తే మిగిలేది 535, అందులో సగం దాదాపు 270. మధ్య అంటే తెరకి మధ్య కాదన్నమాట, మాటల పెట్టె వదిలేసిన చోటుకి మధ్య.

ఈ అంకె మార్చడం అయిదు నిమిషాల పని. 'చాయిస్' అనే స్క్రీన్ స్టైల్లో రెండు విలువలు మారిస్తే మెనూ ఏ మూలకైనా పోతుంది. ఒక్క మెనూకి మాత్రమే వేరే స్క్రీన్ కేటాయించొచ్చు, పేజీ పద్ధతిలో పేరా చివర కూడా చూపించొచ్చు. అయినా నేను ఆడిన రెన్‌పై ఆటల్లో ఎక్కువ భాగం ఆ 270ని ముట్టుకోలేదు.

ముట్టుకున్నవాళ్ళు ఏం సాధించారో చూడండి. 2009 నాటి 'స్టైన్స్;గేట్'లో (అది రెన్‌పై కాదు) అసలు మెనూయే రాదు. హీరో చేతిలోని ఫోనే మెనూ. వచ్చిన మెసేజిలో ఏ మాటని పట్టుకుని జవాబిచ్చాం, ఫోను తీశామా లేదా అన్నవే ఎంపికలు. కథ మనల్ని ఆగి అడగదు, అందుకే ఊరుకోవడం కూడా ఒక నిర్ణయమవుతుంది. 2017లో రెన్‌పైతోనే చేసిన 'డోకీ డోకీ లిటరేచర్ క్లబ్' ఇంకో దారి పట్టింది. ఒక ఘట్టంలో మెనూ వచ్చాక మౌస్ బాణం మన చెయ్యి మాట వినకుండా ఒక బటన్ వైపుకి జారిపోతుంది. ఆ బటన్ ఎక్కడుంటుందో ప్రోగ్రాముకి ముందే తెలుసు. స్థిరమైన చోటు మీద మనం పెట్టుకున్న నమ్మకాన్నే ఆట మన మీదకి తిప్పింది.

దీనికీ తెలుగుకీ సంబంధం ఏమిటంటారా? రెన్‌పైలో మన ఒత్తులు సరిగ్గా కూర్చోవడానికే చాలా కాలం పట్టింది. హార్ఫ్‌బజ్ చేరాక ఆ బాధ తీరింది. ఇక మిగిలింది చోటు. మధ్యలో బటన్ మీద పెట్టే మాట ఒంటరిగా నిలబడాలి కాబట్టి అది దాదాపు ఎప్పుడూ విధి క్రియ అవుతుంది. "ఉత్తరం చింపెయ్". "ఉత్తరం దాచు". పేరా చివర పెడితే మన వాక్యానికి ఇంకో వెసులుబాటుంది. క్రియ చివర్లో వస్తుంది కదా. "సుజాత ఉత్తరం రెండోసారి చదివి, మడిచి..." అని వాక్యాన్ని అక్కడే ఆపొచ్చు. కింద ఎంపికలు: "పొయ్యిలో పడేసింది." "పెట్టె అడుగున దాచింది." చదివేవాడు ఆజ్ఞ ఇవ్వడం లేదు, వాక్యం పూర్తి చేస్తున్నాడు.

జపాను భాషలోనూ క్రియ చివరే వస్తుంది. పేజీ పద్ధతి అక్కడ పుట్టడానికి అది కారణమని నేను చెప్పలేను గానీ, మనకి మాత్రం ఆ పద్ధతి అరువు సొత్తులా అనిపించదు. తెలుగులో విజువల్ నావెల్ రాయాలనుకునేవాళ్ళు కథ మొదలుపెట్టే ముందే ఆ 270 సంగతి తేల్చుకుంటే మంచిది. ఎంపికలు పేరా చివర వస్తాయని ముందే తెలిస్తే, ఆ పైనున్న వాక్యాన్నే వేరేగా రాస్తాం.