విష్: మూడు లోకాల ప్రేమకథ

‘విష్’ జపాన్ దేశపు బొమ్మల నవల. పేరుకు అర్థం ‘కోరిక’. దేవదూతలు, దయ్యాలు, మనుషులు ఒకరినొకరు ప్రేమించడం ఇందులోని ఇతివృత్తం. కదొకావా షోతెన్ సంస్థ ప్రచురించిన ‘అసుకా మిస్టరీ డీఎక్స్’ పత్రికలో 1995 నుండి 1998 వరకు ధారావాహికగా వెలువడి, 4 సంపుటాల గ్రంథమైనది. టోక్యోపాప్ సంస్థ 2002లో దీని ఆంగ్లానువాద ప్రచురణ ఆరంభించింది. ఇటువంటి బొమ్మల కథలను జపాన్‌లో ‘మాంగా’ అంటారు. వీటి పుటలను కుడి నుండి ఎడమకు చదవవలెను.

రచయిత్రులు

దీని కర్తలు ‘క్లాంప్’ అనే ఉమ్మడి పేరుతో ప్రసిద్ధులైన నలుగురు స్త్రీలు. 1989లో వీరు పత్రికా రంగంలో ప్రవేశించిన తొలి రచన పేరు ‘ఆర్‌జీ వేద’. ఆ పేరు మన ఋగ్వేదమే. అందలి అషురా, యాషా, కెందప్పా అను పాత్రలు మన అసుర, యక్ష, గంధర్వులే. ఈ పేర్లు బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరినవి.

కథ

షుయిచిరో కుదో యువ వైద్యుడు, మితభాషి. ఒక రాత్రి ఇంటికి తిరిగి వస్తూ, చెట్టు మీద కాకి బారిన పడిన అరచేతి ప్రమాణపు చిన్న ప్రాణిని కాపాడుతాడు. తెల్లవారేసరికి ఆ ప్రాణి మనిషంత రూపం ధరిస్తుంది. ఆ వచ్చిన వారు కొహకు అనే దేవదూత. దేవదూతలకు స్త్రీపురుష భేదం లేదని ఈ కథ చెబుతుంది. అందుచేత ఇక్కడ వారికి గౌరవ బహువచనమే వాడబడినది.

చేసిన మేలుకు బదులుగా కోరిక ఒకటి కోరుకొమ్మని కొహకు అడుగుతారు. తనకు కోరికలు లేవనీ, కావలసినది తానే సంపాదించుకోగలననీ కుదో బదులిస్తాడు. ఋణం తీర్చుకోనిదే కదలనని కొహకు ఆ ఇంటనే ఉండిపోతారు. వంటింట సాయపడబోయి పనిని పెంచే అమాయకత్వం వారిది. కథలోని హాస్యం చాలావరకు అందులో పుట్టినదే.

కొహకు భూమికి వచ్చిన కారణం వేరు. స్వర్గంలోని నలుగురు మహాదూతలలో ఒకరు, వాయువుకు అధిపతి, హిసుయి. వారు సైతాను కుమారుడైన కొకుయోను ప్రేమించి, అతనితో భూలోకానికి వచ్చేస్తారు. వారిని వెదకడమే కొహకుకు అప్పగించిన పని. చివరకు ఆ జంట కూడ కుదో ఇంటనే ఆశ్రయం పొందుతుంది. స్వర్గానికీ నరకానికీ సరిపడని ప్రేమకు ఒక మనిషి లోగిలి నీడనిస్తుంది.

పగలు, రాత్రి

దేవదూత బలం పగటిది. చీకటి పడగానే కొహకు బొమ్మంత అవుతారు. దయ్యాల సంగతి ఇందుకు తలక్రిందులు. కొహకును నిత్యం ఏడిపించే కోర్యూ అనే కొంటె దయ్యం రాత్రి పెద్దదై, పగలు చిన్నదవుతుంది. ఇద్దరికీ చెరిసగం వచ్చిన ఈ లోకంలో రెండు పూటలా ఒకే ప్రమాణంలో ఉండేవాడు మనిషి.

పేర్లు

ముఖ్య పాత్రల పేర్లు పలుమార్లు రత్నాలు, శిలల నుండి గ్రహించినవి. కొహకు అనగా తృణకాంతమణి. హిసుయి అనగా పచ్చని జేడ్ రాయి. కొకుయో పేరు నల్లని అగ్నిపర్వత గాజుశిలది. కోర్యూ వెంట తిరిగే రెండు పిల్లులు రురి, హరి. ఈ రెండు మాటలూ మన వైడూర్యం, స్ఫటికం అను సంస్కృత పదాలే. చైనా మీదుగా జపాన్ చేరి రూపం మారినవి. మన రత్నశాస్త్రంలో వైడూర్యం పిల్లికన్ను రాయి. జపాన్‌లో రురి నీలిరంగు రాయి. ఇక్కడ ఆ పేరు పిల్లికి దక్కడం తెలుగు పాఠకునికి ముచ్చట గొలుపుతుంది.

ఇతివృత్తం

ఈ కథకు ఆధారం తీరని ఋణం. కుదో మొదటి రోజే ఏదో ఒకటి అడిగి ఉంటే కొహకు దానిని తీర్చి వెళ్ళిపోయేవారు. కథ అక్కడే ముగిసేది. అడగకపోవడం వల్ల వారి మధ్య లెక్క తెగలేదు. లెక్క తెగకపోవడం వల్ల బంధం పెరిగింది. మనవారు ఋణానుబంధం అనేది ఇటువంటి దానినే.

అయితే ప్రేమించిన ఇద్దరి ఆయువులు సమానం కావు. మనిషి మరణిస్తాడు, దేవదూత మిగులుతారు. ఈ చిక్కును రచయిత్రులు దాటవేయలేదు. కథాంతంలో కుదో మరణిస్తాడు. అతడు మరల జన్మించే వరకు కొహకు నిరీక్షిస్తారు. స్వర్గం, సైతాను క్రైస్తవ పురాణాల నుండి వచ్చినవి. పునర్జన్మ జపాన్ ప్రజలకు బౌద్ధం నుండి సంక్రమించినది. రెండు మతాల ఊహలు ఒకే కథలో ఇమిడినవి.

ఋణం తీర్చుకొనుటకు వచ్చిన వారు ఎదురుచూచుటకు నిలిచిపోవడమే ఈ కథ ముగింపు.