అరువు పండుగ

ఒక పక్క ఎథీనా దేవత ముఖం, ఇంకో పక్క రెక్కలు విప్పిన గుడ్లగూబ. దాదాపు రెండున్నర వేల ఏళ్ల నాటి ఏథెన్స్ వెండి నాణెం అది. 1974లో జ్యూరిక్‌లో వేలానికొస్తే పాట 4,20,000 డాలర్ల దగ్గర ఆగింది. ప్రాచీన నాణేనికి అంత ధర అప్పటిదాకా ఎవరూ పెట్టలేదు. పాడినవాడు పాతికేళ్లు నిండని అమెరికా కుర్రాడు, బ్రూస్ మెక్‌నాల్. ఆ తర్వాత కూలిపోయినదంతా తలుచుకుంటే నాకు ముందు ఆ నాణెమే గుర్తొస్తుంది. ఏది అసలో ఏది నకిలీయో చూడగానే పసిగట్టగల మనిషి మరి.

కాలిఫోర్నియాలో శాంటా అనీటా గుర్రప్పందేల మైదానం ఉన్న ఆర్కేడియాలో పెరిగాడు. యూసీఎల్ఏలో ప్రాచీన చరిత్ర చదివాడు. చిన్ననాటి నాణేల మోజే వ్యాపారమైంది. హాలీవుడ్ పెద్దలు, టెక్సస్ చమురు కుబేరుడు నెల్సన్ బంకర్ హంట్ ఆయన దగ్గర కొన్నారు. హంట్‌కు పందెపు గుర్రాలంటే ప్రాణం. మెక్‌నాల్ కూడా ఆ దారి పట్టాడు. ప్యారిస్ లాంగ్‌షాంప్ మైదానంలో జరిగే ఆర్క్ ద ట్రియోంఫ్ ఐరోపా పందేలన్నిటికీ తలమానికం. 1987లో ఆయన వాటా ఉన్న ట్రెంపొలీనో, 1990లో సోమరేజ్ అక్కడ గెలిచాయి. తరతరాలుగా గుర్రాలు పెంచే కుటుంబాలు సైతం ఒక్కసారి గెలిస్తే చాలనుకునే పందెం అది.

ఆయన పేరు ఇంటింటికీ చేరింది మాత్రం ఐస్ హాకీ వల్ల. లాస్ ఏంజెలెస్ కింగ్స్ జట్టును అప్పటి యజమాని జెర్రీ బస్ నుంచి విడతలవారీగా కొన్నాడు. ఎండకాచే ఊళ్లో మంచు ఆటను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ ఆయిలర్స్ నుంచి వేన్ గ్రెట్‌స్కీని తెచ్చుకున్నాడు. 15 మిలియన్ డాలర్ల నగదు, పైన ఆటగాళ్లు, రాబోయే ఏళ్లలో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే హక్కులు ఇచ్చాడు. కెనడాకు గ్రెట్‌స్కీ అంటే మనకు సచిన్ లాంటివాడు. ఆ సచిన్‌ను పరాయి దేశపు జట్టుకు అమ్మేస్తే ఇక్కడ ఏమయ్యేదో ఊహించుకోండి. విలేఖరుల ముందు గ్రెట్‌స్కీ కన్నీళ్లు ఆపుకోలేకపోయాడు. ఈ బేరాన్ని ప్రభుత్వమే ఆపాలని కెనడాలో ఓ ఎంపీ డిమాండ్ చేశాడు. లాస్ ఏంజెలెస్‌లో మాత్రం ఖాళీ కుర్చీలు నిండాయి, సినిమా తారలు ముందు వరుసల్లోకొచ్చారు. కొన్నేళ్లకే శాన్ హోసేలో, అనహైమ్‌లో కొత్త జట్లు పుట్టాయి. కాలిఫోర్నియా పిల్లల చేతికి హాకీ కర్ర అందించింది మెక్‌నాలే అంటే అతిశయోక్తి కాదు.

1991లో గ్రెట్‌స్కీ, హాస్యనటుడు జాన్ క్యాండీలతో కలిసి టొరంటో ఆర్గోనాట్స్ ఫుట్‌బాల్ జట్టును కొన్నాడు. రాకెట్ ఇస్మాయిల్ అనే కళాశాల కుర్రాడికి నాలుగేళ్లకు 18 మిలియన్ డాలర్లకు పైగా రాసిచ్చాడు. ఆ ఏడాదే విన్నిపెగ్ గడ్డకట్టే చలిలో జట్టు కెనడా ఫుట్‌బాల్ విజేతలకిచ్చే గ్రే కప్ గెలిచింది. ఆ ఆనందాన్ని నేను తక్కువ చేయలేను. అది ఎవరి డబ్బుతో వచ్చిందో చూసేవాళ్లకు తెలియదు. వాళ్లు గొంతు చించుకుని అరిచిన అరుపుల్లో అబద్ధం లేదు.

డబ్బు బ్యాంకులది. ఉన్నదాన్ని కొండంత చేసి, లేనిదాన్ని ఉన్నట్టు రాసి, తప్పుడు పత్రాలు చూపించి అప్పు తెచ్చేవారు. ఆ అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. పదేళ్లపాటు ఇదే తంతు. మెక్‌నాల్‌కు గ్లాడెన్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే సినిమా కంపెనీ కూడా ఉండేది. చచ్చిపోయిన యజమానిని బతికున్నట్టు నమ్మిస్తూ ఇద్దరు గుమాస్తాలు నెట్టుకొచ్చే ‘వీకెండ్ ఎట్ బెర్నీస్’ ఆ కంపెనీ తీసిందే. ఆయన ఆఫీసులోనూ జరిగింది అలాంటిదే. చచ్చిన లెక్కలకు ప్రాణం ఉన్నట్టు చూపించే పని కింది ఉద్యోగులు చేశారు. వాళ్లలో కొందరు తర్వాత కోర్టులో నేరం ఒప్పుకోవలసి వచ్చింది. ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది వీళ్లే. యజమాని ఉదారతకు కట్టుబడి సంతకాలు పెట్టినవారికి జెర్సీలు, విగ్రహాలు ఉండవు.

1993 వసంతంలో కింగ్స్ తొలిసారి ఐస్ హాకీ విజేతలకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్‌కు చేరింది. మొదటి మ్యాచ్ మాంట్రియల్ గడ్డమీదే గెలిచింది. రెండో మ్యాచ్‌లో రెండు నిమిషాలలోపు ఆట మిగిలి ఉండగా ముందంజలో ఉంది. అప్పుడు మాంట్రియల్ కోచ్ ఫిర్యాదు చేసి కింగ్స్ ఆటగాడు మార్టీ మెక్‌సోర్లీ కర్రను కొలిపించాడు. దాని వంపు నిబంధనకు మించి ఉంది. శిక్షగా ఒక ఆటగాడు తగ్గాడు, గోల్ పడింది, అదనపు సమయంలో మ్యాచ్ చేజారింది. ఆపై వరుసగా మూడు ఓటములు. ఆ డిసెంబరుకల్లా మెక్‌నాల్ 90 మిలియన్ డాలర్ల అప్పు కట్టలేక చేతులెత్తేశాడు. జట్టులో సింహభాగం వేరేవాళ్లకు పోయింది. 1994 మార్చిలో జాన్ క్యాండీ కన్నుమూశాడు, ఆర్గోనాట్స్ కూడా పోయింది. ఆ ఏడాది చివర మెక్‌నాల్ ఐదు నేరాలు ఒప్పుకున్నాడు. ఆరు బ్యాంకుల నుంచి మోసంతో తెచ్చింది 236 మిలియన్ డాలర్లు. 1997లో 70 నెలల జైలు పడింది. కింగ్స్ అంతకు ముందే, 1995లో, దివాలా తీసింది.

జైల్లో ఉన్నప్పుడు చూడటానికి వెళ్లినవాళ్లలో గ్రెట్‌స్కీ ఉన్నాడు. 1999లో గ్రెట్‌స్కీ ఆట మానేశాక, లాస్ ఏంజెలెస్‌లో తన 99 నంబరు జెర్సీని పైకప్పుకు ఎత్తే వేడుకను వాయిదా వేయించాడు. మెక్‌నాల్ విడుదలై వచ్చేదాకా జరపొద్దన్నాడు. 2001లో ఆయన బయటికొచ్చాడు. 2002 అక్టోబరు 9న ఆ వేడుక జరిగింది, మెక్‌నాల్ దగ్గరుండి చూశాడు.