గట్టి గడ్డ, మెత్తని జెల్: ఒక నూరేళ్ల ప్రశ్న



రొమ్ములో గడ్డ ఉన్నట్టు చాలాసార్లు ముందు చేతికే తెలుస్తుంది. వైద్యులూ శతాబ్దాలుగా అలాగే గుర్తుపట్టారు. అయితే ఆ గట్టిదనం జబ్బుకు గుర్తు మాత్రమేనా, జబ్బును పెంచే కారణం కూడానా? జవాబు దొరకడానికి నూరేళ్లు దాటింది.

1889లో లండన్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు పరిశీలించి, క్యాన్సర్ కణం విత్తనం లాంటిదైతే అది చేరే అవయవం నేల లాంటిదన్నాడు. నేల అనుకూలిస్తేనే విత్తనం మొలుస్తుంది. కానీ ప్రయోగశాలల్లో చాలాకాలం కణాలను గాజు, ప్లాస్టిక్ పళ్లేల మీదే పెంచారు. అంత గట్టి నేల మన కండలో ఎక్కడుంది?

1964లో మాక్‌ఫెర్సన్, మాంటనియే మెత్తని అగార్‌లో కణాలను పెంచి చూశారు. తమిళనాడులో మనవాళ్లు కడల్‌పాసి అంటారే, బజారులో చైనా గ్రాస్ అని దొరుకుతుందే, అదే అగార్. నీటిని పట్టి ఉంచే ఇలాంటి ముద్దనే హైడ్రోజెల్ అంటారు. కాలూనే చోటు లేని ఆ ముద్దలో మామూలు కణాలు పెరగలేదు, వైరస్ వల్ల క్యాన్సర్ లక్షణం వచ్చినవి పెరిగాయి.

1997లో పెల్హమ్, యూ-లీ వాంగ్ పాలీఅక్రిలమైడ్ జెల్‌ను మెత్తగానూ గట్టిగానూ తయారుచేసి, రెంటిమీదా ఒకే కొల్లాజెన్ పూశారు. రసాయనం మారలేదు, బిగువు ఒక్కటే మారింది. అయినా కణాల నడక, పట్టు రెండూ మారాయి.

2005లో వాలరీ వీవర్ బృందం ఎలుకల్లో కొలిస్తే, మామూలు రొమ్ము కండ బిగువు సుమారు 170 పాస్కల్స్, కణితి బిగువు సుమారు 4000. మెత్తని జెల్ మీద రొమ్ము కణాలు బోలు గుండ్రాలుగా చక్కగా అమరాయి. జెల్ గట్టిపడితే ఆ అమరిక చెదిరింది. కణం లోపలి బిగింపును మందుతో సడలిస్తే క్యాన్సర్ కణాలు సైతం మళ్లీ క్రమంలోకి వచ్చాయి. 2009లో అదే బృందం, కొల్లాజెన్ పోగులను ముడివేసే ఎంజైమును అడ్డుకుంటే ఎలుకల్లో కణితుల జోరు తగ్గుతుందని చూపింది.

అంటే గట్టిదనం గుర్తే కాదు, జబ్బుకు తోడుదొంగ కూడా.

ఏ ఊళ్లో స్థిరపడినా, మన ఇళ్లలో ఆడవాళ్లు గడ్డ తగిలితే సిగ్గుపడి నెలల తరబడి దాచుకోవడం మనకు తెలిసిందే. ప్రతి గడ్డా క్యాన్సర్ కాదు. గట్టిదైనా మెత్తనిదైనా, ఏది ఏమిటో తేల్చవలసింది పరీక్షే. అమ్మకు, అక్కకు, వదినకు ఈ మాట మనమే చెబుదాం.