చూరులో తాళంచెవి

మా రావికమతంలో తాటాకు ఇళ్లు ఉన్న రోజుల్లో తాళంచెవికి చోటు వెతుక్కోనక్కర్లేదు. పొలానికి పోయేవాళ్లు తలుపుకు తాళం వేసి, చెవిని చూరులో దోపి పోయేవారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, దొంగకీ తెలుసు. అయినా ఏళ్ల తరబడి చెల్లింది, వీధి అరుగు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు కూర్చుని ఉండేవారు గనుక. అరుగే లేని చోట చెవి ఎక్కడ దాచాలి? కంప్యూటరు మనుషులకు అరవై ఏళ్లుగా తెగని పేచీ ఇదే. తాళాలు మాత్రం ఎప్పటికప్పుడు గట్టిపడుతూనే వచ్చాయి.

కంప్యూటరుకు పాస్‌వర్డు అలవాటైంది 1960ల తొలినాళ్లలో, అమెరికాలోని ఎంఐటీలో. ఒకే యంత్రాన్ని పదిమంది వంతులవారీగా వాడుకునే సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను ఫెర్నాండో కోర్బాటో బృందం కట్టింది. ఎవరి ఫైళ్లు వాళ్లకు, ఎవరి గంటలు వాళ్లకు అని పంచడానికి పాస్‌వర్డు పెట్టారు. అన్నిటినీ కలిపి ఒకే ఫైల్లో, చదివితే అర్థమయ్యేలా రాసి ఉంచారు. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి తన వాటా గంటలు చాల్లేదు. ఆ పాస్‌వర్డు ఫైలును అచ్చువేసి పెట్టమని యంత్రాన్నే కోరాడు. అదీ వేసిచ్చింది! పుట్టిన కొత్తలోనే చెవుల గుత్తి కాగితమ్మీద బయటికొచ్చిందన్న మాట.

దీనికి మందును యునిక్స్‌వాళ్లు అందరికీ అలవాటు చేశారు. పాస్‌వర్డును ఉన్నదున్నట్టు దాచకుండా, వెనక్కి తిప్పలేనట్టు నలగ్గొట్టి దాచారు. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో రాసిన వ్యాసం ఇప్పటికీ పాఠంగా నడుస్తోంది. కానీ ఆ మందు మనిషికే పనిచేస్తుంది. మనిషి పాస్‌వర్డు గుర్తు పెట్టుకుని, అడిగినప్పుడు టైపు చేస్తాడు. రాత్రి రెండింటికి తనంతట తాను లేచి నడిచే ప్రోగ్రాముకు ఆ రహస్యాన్ని ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలి. రాసి పెట్టడమంటే మళ్లీ చూరే.

ఇక్కడ కరణం గారిని తలుచుకోకుండా ఉండలేను. అడంగళ్లు, చిట్టాలు సర్కారు ఆస్తి. ఉండేది కరణం ఇంట్లో, ఆయన పెట్టెలో. రాతా ఆయనదే, కాపలా ఆయనదే, తాళమూ ఆయనదే. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసినప్పుడు ఆ దస్త్రాల కట్టలను ఇళ్లలోంచి ఆఫీసులకు తరలించాల్సి వచ్చింది. సబ్ ట్రెజరీల పద్ధతి వేరు. స్టాంపు కాగితాలు డబుల్ లాక్‌లో ఉంటాయి, రెండు చెవులూ ఇద్దరి దగ్గర. బదిలీ అయితే చార్జి అప్పగించి, జాబితా మీద సంతకం పెట్టి పోవాలి. క్లౌడ్ కంపెనీలు ట్రెజరీ పద్ధతికి వచ్చేలోపు చాలాకాలం కరణీకమే నడిపించాయి.

2006 మార్చి 14న అమెజాన్ ఎస్3 మొదలైంది. ఫైళ్లను బకెట్లలో పోసి ఇంటర్నెట్ మీద దాచుకోవచ్చు, వాడినంతకే డబ్బు కట్టొచ్చు. ఖాతాదారు చేతికి రెండు ముక్కలు వచ్చాయి: తానెవరో చెప్పే యాక్సెస్ కీ ఐడీ, నలభై అక్షరాల సీక్రెట్ కీ. ఈ ఏర్పాటులోని తెలివిని మెచ్చుకోవాల్సిందే. సీక్రెట్ కీ ఎప్పుడూ తీగమీద ప్రయాణం చేయదు. ప్రోగ్రాము తన కోరికను, తేదీని, వేళను ఆ రహస్యంతో కలిపి ఒక సంతకం తయారుచేసి, సంతకాన్నే పంపుతుంది. అటువైపు కూడా అదే లెక్క చేసి, రెండూ కలిస్తే తలుపు తీస్తారు. పశువుల సంతలో దళారులు కండువా కింద వేళ్లు నొక్కి బేరమాడినట్టే. చుట్టూ వందమంది ఉన్నా ధర ఆ రెండు చేతులకే తెలుసు.

వేళ కూడా సంతకంలో కలుస్తుందన్నాను కదా, పదిహేను నిమిషాలకు మించి తేడా వస్తే ఎస్3 కోరికను తిప్పికొడుతుంది. ఈ నియమం నాకు బాగా జ్ఞాపకం. ఒక కాలేజీ ల్యాబులో పిల్లలకు నేర్పుతుంటే ఒక్క సిస్టంలో మాత్రం ఎంతకీ పని జరగలేదు. కీ మూడుసార్లు మార్చాం, ప్యాకేజీ తీసేసి మళ్లీ వేశాం. తీరా చూస్తే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయింది. కరెంటు పోయినప్పుడల్లా ఆ కంప్యూటరు కొన్నేళ్లు వెనక్కి వెళ్లిపోతోంది.

పైథాన్‌లో ఈ సంతకాల బాధను తలకెత్తుకున్న ప్యాకేజీ బోటో. మిచ్ గార్నాట్ రాశాడు. పేరు అమెజాన్ నదిలో తిరిగే డాల్ఫిన్‌ది. తొలిరోజుల్లో కీలను చాలామంది నేరుగా ప్రోగ్రాములోనే రాసేవారు. పాఠాల్లో ఉదాహరణలూ అలాగే ఉండేవి, నేర్చుకునేవాడు అలాగే దింపేవాడు. తర్వాత జరిగిన అనర్థాల్లో సగం పాపం ఆ పాఠాలు రాసినవాళ్లదేనని నా లెక్క. 2011 ప్రాంతంలో హెరోకూ కంపెనీవాళ్లు ‘ట్వెల్వ్ ఫ్యాక్టర్ యాప్’ అని కొన్ని సూత్రాలు ప్రకటించి, రహస్యాలు ప్రోగ్రాములో ఉండకూడదు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఉండాలని గట్టిగా చెప్పారు. క్రమంగా హోం ఫోల్డరులో ఒక క్రెడెన్షియల్స్ ఫైలు పెట్టడం వాడుకైంది. 2015లో స్థిరపడిన బోటో3 కీ కోసం వెతికే వరస చూస్తే నాకు మా ఇంటి ఆడవాళ్లు గుర్తొస్తారు. ముందు చేతికి ఇచ్చారా అని చూస్తుంది, లేదంటే ఎన్విరాన్‌మెంట్‌లో, తర్వాత క్రెడెన్షియల్స్ ఫైల్లో, ఆపైన కాన్ఫిగ్ ఫైల్లో, ఎక్కడా లేకపోతే చివరికి తాను నడుస్తున్న యంత్రాన్నే అడుగుతుంది. బొడ్లో, గూట్లో, చూరులో వెతికి, ఆఖరికి పక్కింటి తలుపు తట్టినట్టు. ఈ వరస తెలియక కొత్తవాళ్లు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఫైల్లో కొత్త కీ పెడతారు, ఎన్విరాన్‌మెంట్‌లో మిగిలిన పాత కీ దానికంటే ముందే దొరుకుతుంది, దాంతో తలుపు తెరుచుకోదు.

కోడును నలుగురితో పంచుకునే గిట్‌హబ్‌లోకి ప్రోగ్రాములు ఎక్కడంతో చూరు వీధిలోకి వచ్చింది. ఏకేఐఏ అనే నాలుగక్షరాలతో మొదలయ్యే ఇరవై అక్షరాల మాట కనబడితే చాలు, అది అమెజాన్ కీ ఐడీ అని ఏ బాటుకైనా తెలుసు. దాచిపెట్టిన కోడుకూ గండం తప్పదని ఉబర్ కథ చెబుతుంది. 2016లో ఆ కంపెనీ ఇంజినీర్ల ప్రైవేటు రిపాజిటరీలో దొరికిన కీతో దొంగలు 5.7 కోట్ల మంది వివరాలు తీసుకుపోయారు. టయోటా టీ-కనెక్ట్ సేవకు చెందిన కీ ఒకటి దాదాపు ఐదేళ్లు బహిరంగంగా పడి ఉన్నట్టు 2022లో బయటపడింది. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో లెక్కతీస్తే లక్షకు పైగా రిపాజిటరీల్లో ఇలాంటి రహస్యాలు తేలాయి. అన్నిటికంటే నన్ను కలచివేసేది కోడ్ స్పేసెస్ అనే కంపెనీ కథ. 2014 జూన్‌లో ఒకడు వాళ్ల క్లౌడ్ ఖాతాలోకి చొరబడి డబ్బు అడిగాడు. వాళ్లు ఖాతాను తిరిగి దక్కించుకోబోయేసరికి ఫైళ్లనూ బ్యాకప్‌లనూ చాలామటుకు తుడిచేశాడు. కంపెనీ మూతబడింది. బ్యాకప్ కూడా అదే తాళం కింద ఉండటమే వాళ్ల కొంప ముంచింది.

అందుకే నా దృష్టిలో అసలు మలుపు 2006 కాదు. 2011లో అమెజాన్‌వాళ్ల ఐఏఎం అనే అనుమతుల సేవ అందరికీ అందుబాటులోకి వచ్చి, ఒక్కొక్కరికి ఒక్కో కీ, ఒక్కో హద్దు పెట్టే వీలు కలిగింది. 2012 జూన్‌లో అమెజాన్ అద్దెకిచ్చే ఈసీ2 యంత్రాలకు రోల్స్ వచ్చాయి. ఇక ప్రోగ్రాములో కీ లేదు, ఫైల్లోనూ లేదు. యంత్రానికి ఒక హోదా ఉంటుంది. దాన్ని చూపి కొన్ని గంటలకు చెల్లే తాత్కాలిక కీ తెచ్చుకుంటుంది. గడువు తీరితే అది చిత్తుకాగితం. కరణీకం పోయి ట్రెజరీ వచ్చింది ఇక్కడే. అలాగని దొంగ ఊరుకోలేదు. 2019లో క్యాపిటల్ వన్ బ్యాంకుకు పడ్డ కన్నం ఈ రోల్ దారినే. ఫైర్‌వాల్ పొరపాటును వాడుకుని, తాత్కాలిక కీలు పంచే లోపలి చిరునామాను బయటినుంచి అడిగించారు. అమెరికా, కెనడాల్లో కలిపి పదికోట్లకు పైగా మనుషుల వివరాలు పోయాయి. ఆ నవంబరులోనే అమెజాన్ ఆ చిరునామాకు మరో గడియ బిగించింది.

ప్యాకేజీయే దొంగ అయితే? 2022 మేలో పైథాన్ ప్యాకేజీల భాండారం పైపీఐలో ‘సీటీఎక్స్’ అనే పాత ప్యాకేజీని ఎవరో చేజిక్కించుకుని, వేసుకున్నవాళ్ల ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను బయటికి పంపేలా మార్చారు. దాచమని పదేళ్లు బోధించిన చోటే అది! 2023 ఏప్రిల్‌లో పైపీఐ తనవంతుగా, ప్యాకేజీ ప్రచురించడానికి శాశ్వత టోకెన్ అక్కర్లేని పద్ధతి తెచ్చింది.

ఈలోగా తలుపు మన వాకిట్లోకి వచ్చింది. 2022 నవంబరు 22న హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్ తెరుచుకుంది, ముంబై తర్వాత దేశంలో రెండోది. పక్కనే ఉంది కదా అని వెళితే కొత్తవాళ్లకు చిక్కే. ముంబై రీజియన్ ఖాతాతోపాటే తెరిచి ఉంటుంది. హైదరాబాద్‌ను మనమే సెట్టింగుల్లోకి వెళ్లి తెరుచుకోవాలి, అప్పటిదాకా మంచి కీ కూడా చెల్లదు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది. అనుకున్న చోట్లలో రాంబిల్లి కూడా ఒకటి. అదీ మా రావికమతం ఉన్న అనకాపల్లి జిల్లాలోదే.

ఇంత రాశాక నా ల్యాప్‌టాప్‌లోని క్రెడెన్షియల్స్ ఫైలు తెరిచి చూసుకున్నాను. మూడు పేర్లతో మూడు కీలున్నాయి. ఒకటి ఎందుకు తీసుకున్నానో గుర్తే లేదు, కన్సోల్‌లో చూస్తే పోయిన మంగళవారం కూడా ఎవరో వాడినట్టుంది. నా స్క్రిప్టే ఏదో అయి ఉండాలి. చెరిపేయకుండా ప్రస్తుతానికి ఇనాక్టివ్ చేశాను. మంగళవారం వస్తే ఏది ఆగిపోతుందో తెలుస్తుంది.