బుల్లెట్టూ దూరాభారమూ

రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్నవాడు దూరప్రయాణం తలపెట్టగానే మొదట చెయ్యి వేసేది సీటు మీద. తర్వాత హ్యాండిల్ ఎత్తు, ముందు విండ్‌షీల్డు, పక్కలకు సంచులు, వెనక క్యారియర్. పాతకాలపు రూపం చూసి మోజుపడి కొన్న బండికి ఇవన్నీ తగిలిస్తుంటే ‘అందమంతా పాడుచేస్తున్నావు కదరా’ అనేవాడు వీధికొకడు ఉంటాడు. చరిత్ర మాత్రం తగిలించేవాడి పక్షమే. ఈ సామాన్లలో చాలావాటి పుట్టుక ఆ పాతకాలంలోనే ఉంది. పాత బండ్ల రూపాన్ని తెచ్చుకున్న కంపెనీలు వాటి సుఖాల్లో చాలావాటిని అక్కడే వదిలేసి వచ్చాయి. బండి కొన్నవాళ్లు వాటిని ఒక్కొక్కటిగా వెతికి తెచ్చుకుంటున్నారు.

సీటుతోనే మొదలుపెడదాం. ఇంగ్లండులో బర్మింగ్‌హామ్‌కి దక్షిణాన రెడిచ్ అని ఒక ఊరు ఉంది. ఒకప్పుడు ప్రపంచానికి కుట్టుసూదులు, గాలాలు చేసి పంపిన ఊరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ మూలం కూడా అక్కడి జార్జ్ టౌన్‌సెండ్ అనే సూదుల కంపెనీయే. సైకిళ్ల వ్యాపారంలోకి దిగి చిక్కుల్లో పడ్డ ఆ కంపెనీని 1891లో ఆల్బర్ట్ ఈడీ, రాబర్ట్ వాకర్ స్మిత్ చేపట్టారు. ఎన్‌ఫీల్డ్‌లోని ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే ఆర్డరు దొరికిన సంతోషంలో తమ సైకిళ్లకు ఆ ఊరి పేరే పెట్టుకున్నారు. 1901లో తొలి మోటారు సైకిలు, 1932లో బుల్లెట్ వచ్చాయి. అదే ఊళ్లో హెర్బర్ట్ టెర్రీ అనే స్ప్రింగుల కంపెనీ మోటారు సైకిళ్లకు స్ప్రింగు సీట్లు చేసేది. రాతబల్ల మీద ఎటు వంచితే అటు నిలిచే యాంగిల్‌పాయిజ్ దీపం చేసింది కూడా వాళ్లే.

1932 నాటి బుల్లెట్‌కి వెనక సస్పెన్షన్ లేదు. వెనక చక్రం నేరుగా ఫ్రేముకే బిగించి ఉండేది. గుంతలో పడితే ఆ దెబ్బ సూటిగా నడుముకే. కాబట్టి సీటు కింది రెండు లావుపాటి స్ప్రింగులు అలంకారం కోసం పెట్టినవి కావు. బండికి వెనకవైపు ఉన్న సస్పెన్షన్ మొత్తం అవే. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక రెడిచ్ ఇంజనీర్లు వెనక చక్రాన్ని స్వింగ్ ఆర్మ్ మీద నిలిపి, రెండు షాక్ అబ్జార్బర్లు పెట్టారు. రాళ్లలో, బురదలో పోటీపడే ఆ రోజుల రైడర్లకు ఇది నచ్చలేదు. వెనక చక్రం కదిలితే పట్టు పోతుందని వాళ్ల నమ్మకం. 1948లో ఇటలీలోని సాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరురోజుల పోటీలో బుల్లెట్ మీద వెళ్లిన ఇద్దరు బ్రిటిష్ రైడర్లూ బంగారు పతకాలు తెచ్చేసరికి ఆ వాదన సద్దుమణిగింది. మరుసటి ఏడాది ఆ బండి అమ్మకానికి వచ్చింది.

షాక్ అబ్జార్బర్లు వచ్చాక సీటు స్ప్రింగులకు పని లేకుండా పోయింది. 1950ల్లో ఇద్దరు కూర్చునే పొడుగు సీటు వాటి చోటు తీసుకుంది. దాదాపు అరవై ఏళ్ల తర్వాత, 2009లో క్లాసిక్ మన మార్కెట్లోకి వచ్చినప్పుడు ఆ స్ప్రింగులు మళ్లీ కనిపించాయి. ఈసారి షోకు కోసం. చిక్కేమిటంటే, షాక్ అబ్జార్బర్‌లో ఊపును ఆపే ఆయిల్ ఉంటుంది, సీటు స్ప్రింగుకి ఆపేదేమీ ఉండదు. కింద ఒక లయలో బండి, పైన వేరే లయలో మనిషి. ఊళ్లో తిరిగినంతసేపూ హాయిగానే ఉంటుంది. హైదరాబాదు నుంచి విశాఖ దాకా పోయినవాడి వెన్నును అడిగితే తెలుస్తుంది.

దూరప్రయాణపు సీటంటే మెత్తటి సీటని చాలామంది అపోహ. మెత్తటి స్పాంజి గంటలో అణిగిపోతుంది, ఆ తర్వాత బరువంతా రెండు పిరుదుల ఎముకల మీదే పడుతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉండి బరువును పంచే సీటు కావాలి. ఈ సూత్రం బాగా తెలిసినవాళ్లు మోటారు రంగంలో కాదు, ఆస్పత్రుల్లో ఉన్నారు. అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో రాబర్ట్ గ్రేబ్ అనే ఇంజనీరు చక్రాల కుర్చీల్లో రోజంతా కూర్చునే రోగులకు పుండ్లు పడకుండా, ఒకదానితో ఒకటి కలిసిన చిన్న చిన్న గాలి గదులతో రబ్బరు పరుపు తయారుచేశాడు. ఒక గది నొక్కుకుంటే గాలి పక్క గదిలోకి పోయి ఒత్తిడి సమమవుతుంది. 1970ల్లో ఆయన పెట్టిన రోహో కంపెనీయే తర్వాత మోటారు సైకిళ్లకు ఎయిర్‌హాక్ పరుపులు తెచ్చింది. ఇప్పుడు మన రైడర్లు సీటు మీద కట్టుకుపోతున్న గాలి పరుపులన్నీ ఆ కుటుంబంలోవే. ఒక్క జాగ్రత్త: గాలి పూర్తిగా కొడితే అది పరుపు కాదు, బంతి. కూర్చున్నాక అడుగు మాత్రం తగలకుండా ఉండేంత గాలి చాలు.

ఇక గాలి దెబ్బ సంగతి. ఎదురుగాలి ఒత్తిడి వేగానికి వర్గంగా పెరుగుతుంది. 80 నుంచి 100కి పెంచితే వేగం పెరిగింది పావు వంతే, ఛాతీ మీద నెట్టే బలం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పాతకాలపు రూపంతో వచ్చే రెట్రో బండి మీద నిటారుగా కూర్చుంటాం కాబట్టి ఒళ్లే తెరచాప. ఆ నెట్టుడుకు వెనక్కి పోకుండా చేతులతో హ్యాండిల్‌ని పట్టి లాగుతూ ఉండాలి. సాయంత్రానికి భుజాలు లాగేస్తాయి.

విండ్‌షీల్డు పెడితే ‘పాతబండి కళ పోతుంది’ అనేవాళ్లకు 1950ల నాటి రెడిచ్‌నే చూపించాలి. 1956లో ‘ది మోటార్ సైకిల్’ పత్రికతో కలిసి రాయల్ ఎన్‌ఫీల్డ్ డ్రీమ్‌లైనర్ అనే ప్రయోగపు బండి కట్టింది. ముందు నుంచి వెనక దాకా ఫైబర్‌గ్లాస్ తొడుగు. అందులోంచి పుట్టిన ఎయిర్‌ఫ్లో అనే తొడుగుని, అంటే ఫేరింగ్‌ని, 1958 ప్రాంతంలో తన మోడళ్లలో చాలావాటికి ఫ్యాక్టరీలోనే బిగించి అమ్మింది. కాళ్లకు అడ్డు, పైన అద్దం, వర్షానికి రక్ష, పెట్రోలు ఆదా. అంతకు కొన్నేళ్ల ముందే విన్సెంట్ కంపెనీ బ్లాక్ ప్రిన్స్ అనే బండిని నిలువెల్లా కప్పి తెచ్చి చేతులు కాల్చుకుంది. ఎయిర్‌ఫ్లో కూడా జనాన్ని ఊపెయ్యలేదు. ఇంజను కనబడకపోవడం కుర్రకారుకు నచ్చలేదు. వాళ్లు హ్యాండిల్ కిందికి దించి, ట్యాంకు మీద వాలి, కాఫీ హోటళ్ల మధ్య పందేలు వేసుకున్నారు. ఈనాటి రెట్రో సోకుల్లో కొన్ని ఆ కుర్రాళ్ల బండ్లను చూసి దించినవి. అదే కాలంలో అదే ఫ్యాక్టరీ చేసిన ఎయిర్‌ఫ్లోని ఎవరూ దించలేదు. పాతవైభవమంటూ చెప్పుకునేవాళ్ల జ్ఞాపకం ఇంత లెక్కగా పనిచేస్తుందన్నమాట.

గాలికి అడ్డు పెట్టే ఈ ఆలోచనకు అసలు ఊపు అమెరికాలో వచ్చింది, అదీ మళ్లీ ఇలినాయ్ నుంచే. క్రెయిగ్ వెటర్ అనే డిజైనరు 1966లో ఫేరింగులు చెయ్యడం మొదలుపెట్టాడు. 1970ల్లో ఆయన చేసిన విండ్‌జామర్ అనే ఫేరింగు ఎవరి బండికైనా బిగించుకోగలిగేలా వచ్చింది. హోండా 1974లో కొలోన్ ప్రదర్శనలో గోల్డ్‌వింగ్‌ని చూపించింది. నీటితో చల్లబడే నాలుగు సిలిండర్ల వెయ్యి సీసీ ఇంజను, ముందు మాత్రం బోసి. కొన్నవాళ్లు వరసపెట్టి విండ్‌జామర్లు, పక్క పెట్టెలు బిగించేశారు. ఆరేళ్లకు, 1980లో, హోండా తనే ఫేరింగూ పెట్టెలూ బిగించిన ఇంటర్‌స్టేట్ మోడల్ తెచ్చింది. బండివాళ్ల తగిలింపులు కంపెనీ క్యాటలాగులోకి ఎక్కడం అక్కడ పెద్ద ఎత్తున జరిగింది. ఇవాళ రాయల్ ఎన్‌ఫీల్డ్ షోరూములో టూరింగ్ సీటు, విండ్‌షీల్డు, పక్క సంచులు విడిగా ధర కట్టి అమ్ముతున్నారంటే దారి అదే.

మన దగ్గర కథ వేరుగా నడిచింది. సైన్యానికి బుల్లెట్లు కావలసివచ్చి, మద్రాస్ మోటార్స్‌తో కలిసి 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. మద్రాసు పక్కన తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. ఇంగ్లండులో రెడిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970కల్లా అక్కడ మోటారు సైకిళ్ల తయారీయే ఆగిపోయింది. తిరువొత్తియూరులో మాత్రం అదే 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు. రెట్రో అనే ఫ్యాషన్ పుట్టకముందే బుల్లెట్ అలా పాతబడి కూర్చుంది. 1977లో పుట్టింటికే ఎగుమతయింది. తెలుగు ఊళ్లలో అది ఎస్సై గారి బండి, కాస్త భూమున్న ఆసామి బండి. దానిమీద వంద కిలోమీటర్లు పోవడమే పెద్ద ప్రయాణం కాబట్టి సుఖం గురించి ఎవరూ పేచీ పెట్టలేదు.

బుల్లెట్‌కి పేరు తెచ్చిన ‘డుగ్గు డుగ్గు’ దూరప్రయాణంలో శత్రువు. ఒకే సిలిండరు, పొడుగు స్ట్రోకు. బరువైన పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకునే ఊపును క్రాంక్‌కి తగిలించిన ఎదురు బరువు కొంతవరకే చంపగలదు. మిగిలింది హ్యాండిల్‌లోంచి, ఫుట్‌రెస్టుల్లోంచి మనిషికి ఎక్కుతుంది. అరచేతులు తిమ్మిరెక్కుతాయి, అద్దంలో వెనక లారీ రెండుగా కనిపిస్తుంది. పాత మెకానిక్‌ల వైద్యం హ్యాండిల్ కొసల్లో బరువు దిమ్మలు, లావు గ్రిప్పులు, కాలికింద దళసరి రబ్బరు. కొందరు ముందు స్ప్రాకెట్‌కి ఒక పన్ను పెంచి, అదే వేగానికి ఇంజను తక్కువ తిరిగేలా చేసుకున్నారు. మైదానంలో బ్రహ్మాండం, శ్రీశైలం ఘాట్లో ఇద్దరితో ఎక్కేటప్పుడు మాత్రం ఊరికూరికే గేరు దించాలి. అసలు మందు 2020లో మీటియర్ అనే మోడల్‌తో, 2021లో కొత్త క్లాసిక్‌తో వచ్చింది. ఇంజను లోపల ఎదురు దిశలో తిరుగుతూ ఆ ఊపును మింగేసే బ్యాలన్సర్ షాఫ్టు అది. పాత అభిమానులు కొందరు ‘ప్రాణం తీసేశారు’ అని వాపోయారు. లడాఖ్‌లో లేహ్ దాకా పోయి వచ్చినవాళ్లలో ఆ మాట అనేవాళ్లు నాకు తక్కువ తగిలారు.

హ్యాండిల్ ఎత్తే రైజర్లు చవకవే, పని పెద్దది. అంగుళం పెరిగినా క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, బ్రేకు పైపు సరిపోతున్నాయో లేదో హ్యాండిల్‌ని రెండువైపులా పూర్తిగా తిప్పి చూడాలి. తిప్పినప్పుడు ఇంజను స్పీడు దానంతటదే పెరిగితే కేబుల్ బిగుసుకుందన్నమాట. సైలెన్సర్ మార్చడాన్ని మాత్రం నేను ఈ జాబితాలో చేర్చను. ఎనిమిది గంటలు ఆ మోత చెవిలో పోసుకునేవాడికి అలసట తప్ప దక్కేదేమీ లేదు. పైగా కంపెనీ ఇచ్చిన అసలు కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

లడాఖ్ 1974లో పర్యాటకులకు తెరుచుకుంది. ఆ తర్వాత హిమాలయాలకు వెళ్లడమే బుల్లెట్‌వాళ్లకు తీర్థయాత్రలా మారింది. అక్కడి అవసరాల్లోంచి పుట్టిందే మన రైడర్లు ‘లడాఖ్ క్యారియర్’ అనే ఇనుప చట్రం. మనాలి నుంచి లేహ్ పోయే దారిలో తాండీ దగ్గర పెట్రోలు బంకులో, తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరాన ఉందనే బోర్డు చాలాకాలం ఉండేది. క్లాసిక్ ట్యాంకు పట్టేది 13 లీటర్లు. కొండల్లో, పల్చటి గాలిలో మైలేజీ పడిపోతే అంచుల మీద ప్రయాణమే. అందుకే ఆ చట్రానికి పక్కన జెర్రీ క్యాన్. 1930ల్లో జర్మన్ సైన్యం కోసం తయారైన క్యాన్ అది. రెండు రేకు చిప్పలు కలిపి అతికిన ఒళ్లు, మీద మూడు పిడులు, మీట నొక్కితే తెరుచుకునే మూత. బ్రిటిష్ సైన్యం దాన్ని చూసి అచ్చుగుద్దినట్టు చేసుకుంది. లీటర్లు తగ్గినా ఆకారం ఈనాటికీ అదే.

రెడిచ్ క్యాటలాగులో లేనిదీ, మనదే అని చెప్పుకోదగ్గదీ ఒకటుంది: చీర చిక్కుకోకుండా వెనక చక్రానికి ఎడమపక్క బిగించే శారీ గార్డు. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా కనీసం సగం చక్రాన్ని కప్పాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనలు చెబుతాయి. పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆసరా ఉండాలన్నదీ అదే నిబంధన. ‘బుల్లెట్టు బండి’ పాట 2021లో ఊరూరా మోగినప్పుడు పట్టుచీరల్లో ఆ సీటెక్కిన పెళ్లికూతుళ్లను కాపాడింది ఈ రేకే. టూరింగ్‌కి వెళ్లే కుర్రాళ్లు మాత్రం పక్క సంచి చట్రానికి అడ్డొస్తోందని ముందు దాన్నే పీకేస్తారు. చట్టం కాదంటుందన్నది అటుంచితే, సంచి పట్టీ వదులై వేలాడితే చుట్టుకుపోయేది ఆ చక్రంలోనే.

అందుకే తెలివైన వెల్డర్లు శారీ గార్డుని తియ్యరు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో పాలవాళ్ల బండికి రెండుపక్కలా క్యాన్లు వేలాడే ఫ్రేము చేసిచ్చే చేతులకు సంచుల చట్రం కట్టడం కొత్త పని కాదు. శారీ గార్డు బోల్టులనే ఆధారం చేసుకుని దాని బయటివైపు గొట్టపు చట్రం నిలబెట్టి, రెండోకొసను క్యారియర్‌కి కలుపుతారు. కుడివైపు సైలెన్సర్ వేడి తగలకుండా సంచిని ఇంకో నాలుగు వేళ్ల పైకి తీసుకోవాలి. రెండు పక్కలా బరువు సమంగా సర్దుకుని, బరువైనవి అడుగున పెట్టి, వంద కిలోమీటర్లు నడిచాక బోల్టులన్నీ ఒకసారి బిగించుకుంటే ఆ చట్రం లేహ్ దాకా వస్తుంది.