సత్రం, చట్టం, షెల్టర్

బెంగుళూరులో వీధిపక్కన పడుకునేవాళ్ళ గురించి చెప్పుకోవాలంటే ధాత కరువు నుంచి మొదలుపెట్టడం సబబు. 1876-78 నాటి ఆ కరువులో మైసూరు సంస్థానం తన జనాభాలో ఇంచుమించు అయిదోవంతును పోగొట్టుకుంది. సరిహద్దుకు ఆవల బళ్ళారి, కర్నూలు జిల్లాలు కూడా అలాగే చితికిపోయాయి. అనంతపురం అప్పటికి బళ్ళారిలో భాగమే. 1882లో గాని విడిపోలేదు. తిండి కోసం జనం బెంగుళూరు దారి పట్టారు. సర్కారు కరువు శిబిరాలు తెరిచింది. కరువు తీరాక శిబిరాలు ఎత్తేశారు గాని ఆ దారి మాత్రం మూతపడలేదు. అనంతపురం నుంచీ, పాలమూరు నుంచీ తాపీపనికీ, మట్టిపనికీ మనవాళ్ళు నేటికీ వస్తూనే ఉన్నారు.

ఊరుకాని ఊరు వచ్చినవాడికి నీడనిచ్చే బాధ్యత ఆ రోజుల్లో దాతలది. వర్తకుడు గుబ్బి తోటదప్ప రైల్వేస్టేషన్ దగ్గర స్థలం కొని కట్టించిన సత్రం 1903లో ప్రారంభమైంది. ఆయన ఎంచుకున్న చోటు గమనించదగ్గది. బాటసారి దిగేది స్టేషన్లో కనుక సత్రమూ అక్కడే ఉండాలి. అయితే సత్రం లెక్క బాటసారి లెక్క. రెండు మూడు రోజులుండి వెళ్ళిపోయేవాడికే అందులో చోటు. వచ్చి ఇక్కడే కూలి చేసుకు బతికేవాడు ఆ లెక్కలోకి రాడు.

ఆ తర్వాత బాధ్యత దాతల చేతి నుంచి చట్టం చేతికి వచ్చింది. 1975లో కర్ణాటక యాచక నిషేధ చట్టం చేశారు. మీ ఇంటిపన్ను రసీదులో చూడండి, బిచ్చగాళ్ళ సెస్సు పేర నూటికి 3 చొప్పున ఒక పద్దు కనిపిస్తుంది. పట్టుబడ్డవాళ్ళను మాగడి రోడ్డులోని కేంద్రానికి తరలించేవారు. 2010 ఆగస్టులో అక్కడ కొద్దిరోజుల్లోనే ఎంతోమంది చనిపోయారు. బిచ్చమెత్తని కూలీలను కూడా పట్టుకొచ్చారని అప్పుడు పత్రికలు రాశాయి. ఆరుబయట పడుకున్నవాడల్లా బిచ్చగాడేనన్న తప్పుడు పద్దు ఫలితమిది.

నిజానికి వాళ్ళలో ఎక్కువమంది పనిచేసుకునేవాళ్ళే. కె.ఆర్. మార్కెట్‌కు కూరగాయల లారీలు తెల్లవారకముందే వస్తాయి. దింపే హమాలీ ఆ వేళకు అక్కడ లేకపోతే ఆ పూట కూలి లేదు. దూరాన గది తీసుకుందామంటే ఆ వేళకు బస్సులుండవు. పైగా ఈ ఊళ్ళో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం చాలాకాలం ఆనవాయితీ. రోజుకూలి మీద బతికేవాడు అంత సొమ్ము ఒక్కసారి ఎక్కడ తెస్తాడు? అద్దె కట్టగలిగినవాడు కూడా ఆ అడ్వాన్సు లేక ఫుట్‌పాత్‌కు చేరతాడు.

కోర్టులు ఈ సంగతి గుర్తించాయి. బొంబాయి ఫుట్‌పాత్ వాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు, జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనంది. అయినా ఖాళీ చేయించడాన్ని పూర్తిగా ఆపలేదు. ఢిల్లీలో చలికాలంలో ఒక తాత్కాలిక షెల్టర్‌ను కూల్చిన దరిమిలా, 2010 జనవరిలో రాత్రి ఆశ్రయాలు తెరవమని అదే కోర్టు ఆదేశించింది. 2013లో కేంద్రం తెచ్చిన పట్టణ జీవనోపాధి పథకం లక్ష జనాభాకు వందమంది పట్టే షెల్టర్ ఒకటి, మనిషికి 50 చదరపు అడుగులు అని కొలత పెట్టింది. 2011 లెక్కల్లో బెంగుళూరు జనాభా 84 లక్షలు. అంటే 84 షెల్టర్లు కావాలి. తెరిచినవి ఆ సంఖ్యకు చాలా దూరాన ఉండిపోయాయి. దేశంలో పట్టణాల్లో ఇల్లులేనివాళ్ళు 2001లో 7.78 లక్షలు, 2011లో 9.38 లక్షలు.

సంఖ్య ఒక్కటే చాలదు. మార్కెట్‌కు ఆరు మైళ్ళ అవతల కట్టిన షెల్టర్ హమాలీకి పనికిరాదు. మూటా పనిముట్లూ దాచుకోను పెట్టె, కుటుంబాలకూ ఆడవాళ్ళకూ వేరే చోటు, ఏ అర్ధరాత్రి వచ్చినా తెరిచే తలుపు ఉండాలి. 2020 లాక్‌డౌన్‌లో వీళ్ళకు పనీ పోయింది, పడుకునే చోటూ పోయింది. ఊరికి నడక ఒక్కటే మిగిలింది.

ఉగాదికి మన సంఘాలు ఘనంగా సభలు చేస్తాయి. అందులో కొంత డబ్బు తీసి మార్కెట్ పరిసరాల్లో ముప్ఫైమంది పడుకునే ఒక హాలు అద్దెకు తీసుకోవచ్చు. తోటదప్ప సత్రాన్ని స్టేషన్ దగ్గర కట్టించారు. మనం తీసుకునే హాలు అడ్డా దగ్గర ఉండాలి.